పన్నెండో ఏట మొదలయ్యే బాకీ



ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు, "స్త్రీవిద్య మీద నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. సరేనన్నాను. తీరా రాసుకుందామని కూచుంటే కలం యూదుల ఆడపిల్లల వైపు నడిచింది. తెనాలి సభలో యూదుల గొడవేమిటని మీకు అనిపించవచ్చు. ఆ మాటకొస్తే, మేము యూదులమని చెప్పుకునే తెలుగువాళ్ళు ఇక్కడికి ముప్పావుగంట ప్రయాణంలోనే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాను.

ఎవరిని తలుచుకోవడానికి ఇవాళ మనం ఇక్కడ కూడామో ఆ టీచరమ్మగారికి పొగడ్తలు గిట్టవు. రిటైరైన రోజున శాలువా కప్పబోతే "ఇది ఎంతయింది? ఎవరి డబ్బు?" అని అడిగిన మనిషి. అందుకని ఆ జోలికి పోను. ఆవిడ బల్ల సొరుగులో నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉండేది. దాన్ని గురించి మాత్రం చెప్పకుండా దిగను.

నేను న్యూజెర్సీలో ఇరవై రెండేళ్ళు ఉన్నాను. మా పక్కిల్లు ఒక యూదు కుటుంబానిది. వాళ్ళమ్మాయి మా ఇంటి పులిహోర తిని పెరిగింది. ఒకరోజు వాళ్ళమ్మ వచ్చి, "ఏప్రిల్ ఆఖరి శనివారం పొద్దున అమ్మాయి బాత్ మిత్స్వా, మీరు తప్పకుండా రావాలి" అంది. పుట్టినరోజు పండగలాంటిదేదో అనుకుని ఒక గౌను కొని చుట్టిపెట్టుకున్నాను.

మిత్స్వా అంటే ఆజ్ఞ, దేవుడు చెయ్యమన్న పని. బాత్ అంటే కూతురు. మగపిల్లవాడైతే బార్ మిత్స్వా. వాళ్ళ శాస్త్రం ప్రకారం ఆడపిల్లకు పన్నెండు, మగపిల్లవాడికి పదమూడు నిండితే సరి. వేడుక చేసినా చెయ్యకపోయినా ఆ రోజు నుంచి తమ మంచిచెడ్డలకు తామే జవాబుదారీ. కొన్ని సంప్రదాయాల వాళ్ళు ఇద్దరికీ పదమూడే పెట్టుకున్నారు. బిడ్డకు ఆ ఈడు వచ్చిన వేళ తండ్రి చెప్పుకునే చిన్న స్తోత్రం ఒకటుంది. ఈ బిడ్డ చేసే పనుల భారం నా మీద నుంచి దించావు, నీకు స్తుతి అని దాని భావం. వినగానే నాకు నవ్వొచ్చింది. పెళ్ళి చేసి పంపాక కూడా కూతురి బరువు దించుకోలేని తండ్రుల మధ్య పెరిగినదాన్ని కదా.

ఆ శనివారం సినగాగ్‌లో అంటే వాళ్ళ ప్రార్థనాలయంలో, వేదిక మీద తోరా చుట్ట విప్పారు. తోలు మీద చేత్తో రాసిన వాళ్ళ ధర్మగ్రంథం. దాన్ని వేలితో తాకరు. చివర చిన్న చెయ్యి, చూపుడువేలు చెక్కిన వెండి పుల్లతో అక్షరాల వెంట జరుపుకుంటూ చదువుతారు. ఆ రాతలో అచ్చుల గుర్తులు ఉండవు. మన లెక్కలో చెప్పాలంటే గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం ఏవీ పెట్టకుండా "కత" అని రాసి ఊరుకోవడం. అది కతో, కాతో, కోతో, కూతో చదివేవాళ్ళకు ముందే తెలిసుండాలి. పైగా రాగం. ఆ స్వరాల గుర్తులూ చుట్ట మీద ఉండవు. ఆ పిల్ల దాదాపు ఏడాది సాధన చేసింది. కంచె అవతల నుంచి సాయంత్రాలు వినపడుతుండేది. నా చిన్నప్పుడు పక్క వీధిలో వేదం చెప్పుకునే కుర్రాళ్ళు గుర్తుకొచ్చేవాళ్ళు.

చదవడం అయిపోగానే నలుమూలల నుంచీ మెత్తటి జెల్లీ మిఠాయిలు విసిరారు. అక్షింతలే అనుకోండి, కాస్త బరువైనవి. ఒకటి నా నెత్తిన పడింది. ఆ తర్వాత పిల్ల కాగితం తీసి తాను చదివిన భాగం మీద మాట్లాడింది. ఇది ఆచారంలో భాగం. గ్రంథం చదివి దిగిపోతే చాలదు. దానితో వాదులాడాలి, నీకేమర్థమైందో పదిమంది ముందు చెప్పాలి. పన్నెండేళ్ళ పిల్ల మాట్లాడుతుంటే డెబ్బై ఏళ్ళ వాళ్ళు నోరు మూసుకుని వినడం చూశాను. గౌను కొన్నందుకు సిగ్గేసింది.

ఇదంతా అనాదిగా వస్తున్నదనుకుని అక్కడో పెద్దావిడతో అంటే ఆవిడ నవ్వింది. మగపిల్లల వేడుక వందల ఏళ్ళదేనట. ఆడపిల్లలది మాత్రం మొన్నమొన్నటిది. అమెరికాలో మొదటిదని అందరూ చెప్పుకునేది 1922 మార్చి 18న, న్యూయార్క్‌లో, జూడిత్ కప్లాన్ అనే అమ్మాయిది. వయసు పన్నెండున్నర. తండ్రి మొర్దెకాయ్ కప్లాన్ రబ్బీ, అంటే మతగురువు, ఆ ఏడాదే కొత్త సమాజం ఒకటి పెట్టినవాడు. ఈ వేడుక మొదలెట్టడానికి నాకు నాలుగు కారణాలున్నాయి, నా నలుగురు కూతుళ్ళు అనేవాడట. కూతురికి మాత్రం ముందురోజు రాత్రి దాకా ఏం చదవాలో చెప్పలేదు. శుక్రవారం భోజనాలయ్యాక గదిలోకి పిలిచి చదివించి తప్పులు దిద్దాడు. ఇంట్లో అమ్మమ్మకూ నానమ్మకూ ఇది సుతరామూ ఇష్టం లేదు. నీ కూతురికి నువ్వు చెప్పు అని ఒకావిడ, నీ కొడుక్కి నువ్వు చెప్పు అని ఇంకొకావిడ. వియ్యపురాళ్ళు ఏ దేశంలోనైనా వియ్యపురాళ్ళే.

మర్నాడు ఆ పిల్లను వేదిక ఎక్కనివ్వలేదు. అసలు చుట్ట నుంచి చదవనూలేదు. మామూలు పఠనం అయ్యాక, చుట్టకు మర్యాదగా ఎడంగా నిలబడి, అచ్చుపుస్తకంలోంచి హీబ్రూలోనూ ఇంగ్లీషులోనూ చదివింది. పిడుగులేమీ పడలేదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. పెద్దయ్యాక సంగీత శాస్త్రవేత్త అయింది. 1992లో, ఎనభై రెండేళ్ళ వయసులో, రెండోసారి బాత్ మిత్స్వా చేసుకుంది.

చరిత్ర ఇక్కడే మొదలైందంటే పొరపాటు. బాగ్దాదులో రబ్బీ యోసెఫ్ హయ్యిం అని మహా పండితుడుండేవాడు, 1909లో పోయాడు. ఆడపిల్లకు పన్నెండు నిండిన రోజున పండగ బట్టలు కట్టాలి, వీలైతే కొత్త బట్ట తొడిగి ఈ రోజు దాకా బతికించినందుకు స్తోత్రం చెప్పించాలి అని రాశాడు. ఈయన మాట మన దేశంలోనూ చెల్లింది. బొంబాయి, కలకత్తాల్లో స్థిరపడ్డ బాగ్దాదు యూదులు శాస్త్ర సందేహాలు రాసి పంపింది ఈయనకే.

కొత్త బట్ట అనగానే మీ మనసులో ఏం మెదిలిందో నాకు తెలుసు. ఓణీల ఫంక్షన్. న్యూజెర్సీలో మనవాళ్ళు చాలామంది తోటి ఉద్యోగులకు దాన్ని "ఇది మా బాత్ మిత్స్వా" అని పరిచయం చేస్తారు. నేనూ ఒకసారి అన్నాను. ఆ శనివారం తర్వాత మళ్ళీ అనలేదు. వయసు ఒకటే, బట్టలూ భోజనాలూ ఒకటే. కానీ మన పిల్లను పీట మీదో సింహాసనంలాంటి కుర్చీలోనో కూచోబెడతాం. మేనమామ పట్టుబట్టలు పెడతాడు, ముత్తయిదువలు గంధం పూస్తారు, అందరూ అక్షింతలు వేసి దీవిస్తారు. ఇప్పుడైతే పైన డ్రోన్ కెమెరా తిరుగుతుంటుంది. మూడు గంటలు సాగే ఆ తంతులో పిల్ల నోరు విప్పి చెప్పేది ఏదైనా ఉందా? నాకు జరిగినప్పుడు పదకొండు రోజులు మూలగదిలో చాప మీద కూచోబెట్టి, చిమ్మిలి తినిపించి, ఆఖర్న పేరంటం చేశారు. నువ్వు పెద్దదానివయ్యావన్నారు. ఏం పనికి పెద్దదాన్నయ్యానో ఎవరూ చెప్పలేదు.

అట్లాగని వాళ్ళది మేలిమి బంగారమనీ అనను. సనాతన యూదుల్లో పన్నెండేళ్ళకే ఆజ్ఞలు ఆడపిల్ల మెడకు చుట్టుకుంటాయి గానీ, సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది లెక్కలో ఈ రోజుకీ ఆమె ఉండదు. భారం మోసే చోట ఉంది, లెక్కపెట్టే చోట లేదు. ఇక అమెరికాలో పార్టీల సంగతి చెప్పనక్కర్లేదు. మన కల్యాణమంటపాలు చిన్నబోతాయి. ఆ ఖర్చు చూసి చూసే కాబోలు, 1985లో లెనార్డ్ ఫైన్ అనే రచయిత మాజోన్ అనే సంస్థ పెట్టి, మీ వేడుక ఖర్చులో నూటికి మూడు ఆకలిగొన్నవాళ్ళకు తీసిపెట్టండని అడిగాడు. నూటికి మూడు. విందు మానమని అనలేదు. లోకం తెలిసినవాడు.

మా పక్కింటి పిల్ల చదివిన భాగం తోరాలో లేవీయకాండంలోది. పొలం కోసేటప్పుడు మూలల దాకా కోయొద్దు, రాలిన కంకులు ఏరుకోవద్దు, బీదవాడికీ పరదేశికీ వదిలెయ్యి అనే ఆజ్ఞ అందులో ఉంది. వింటూ నేను ఉలిక్కిపడ్డాను. పరిగె! కోతలయ్యాక కొయ్యకాళ్ళ మధ్య వంగి, రాలిన కంకులు కొంగులో వేసుకునే ఆడవాళ్ళను చూడని డెల్టా పిల్ల ఎవరుంటారు? మా పొలంలో కూడా ఏరుకునేవాళ్ళు. మా తాతయ్య మంచం మీద నుంచే చూసి, నచ్చిన మనిషైతే ఏరుకోనిచ్చేవాడు, నచ్చకపోతే కేకేసేవాడు. అది దయ అని మేమనుకునేవాళ్ళం.

యూదుల ధర్మశాస్త్రం సరిగ్గా ఆ మంచాన్నే లాగేసింది. మూల వదిలిన పైరులో ఎవరు కోసుకోవాలో నిర్ణయించే హక్కు ఆసామికి లేదు. తనకు నచ్చిన బీదవాడికి ఇప్పించడానికీ లేదు. వదలాల్సింది అరవయ్యో వంతుకు తగ్గకూడదని మిష్నా అనే వాళ్ళ పాత ధర్మసంహిత లెక్క కట్టింది. మరిచిపోయి చేలో వదిలిన పన కోసం వెనక్కి వెళ్ళకూడదు. అంటే ఆ మూల మొదటి నుంచీ ఆసామిది కాదన్నమాట.

మొదట చెప్పిన మనవాళ్ళు ఇప్పుడు గుర్తుకు రావాలి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమను తాము పిలుచుకునే కుటుంబాలున్నాయి. మాదిగ కులంలోంచి వచ్చినవాళ్ళు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం సంతతి మాదంటారు. 1990ల తొలినాళ్ళలో సినగాగ్ కట్టుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ళ మీద పరిశోధన చేసి 2013లో పుస్తకం వేశారు. ఆ వంశచరిత్రను ఒప్పుకునేవాళ్ళూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. ఆ పంచాయితీ తీర్చేదాన్ని నేను కాదు. నాకు పట్టేది వేరే. మూలలు కోయొద్దన్న వాక్యం న్యూజెర్సీ సినగాగ్‌లో చదివితే, వింటున్నవాళ్ళు తాము ఆసాములమనుకుని వింటారు. నేనూ అట్లాగే విన్నాను. కొత్తరెడ్డిపాలెంలో అదే వాక్యాన్ని, తరాల తరబడి ఇతరుల చేలో వంగి పరిగె ఏరుకున్న వాళ్ళ మనవరాలు చదివిందనుకోండి. ఆమెకు అది దస్తావేజులా వినపడదూ?

యూదులు దానానికి వాడే మాట త్సెదకా. దాని ధాతువుకు న్యాయం అని అర్థం. దానమిచ్చేవాడు దయ చూపడం లేదు, న్యాయంగా ఇవ్వాల్సింది ఇస్తున్నాడు. ఇది విని అక్కడి మన తెలుగు మిత్రులొకరు ఎంత గొప్ప మాట, మన భాషలో లేదే అని బాధపడ్డారు. లేకేం? మా ఇంటి గుమ్మంలో రోజూ పొద్దున్నే వినపడేది. "ధర్మం చెయ్యండి తల్లీ." ముష్టికి వచ్చిన మనిషి భిక్ష వెయ్యమనకుండా ధర్మం చెయ్యమనేవాడు. ధర్మసత్రం, ధర్మకర్త, తిరుమలలో ధర్మదర్శనం, గుంటూరు వెళితే ధర్మాసుపత్రి. న్యాయానికీ ఉచితానికీ ఒకే మాట పెట్టుకున్న జాతి మనది. వాడగా వాడగా ఆ మాట అరిగి పావలా బిళ్ళంత అయింది. ధర్మాసుపత్రి అంటే ఇప్పుడు ఎవరూ పట్టించుకోని ఆసుపత్రి అని కదూ అర్థం.

యూదులు తమ త్సెదకా మాటను అరగనివ్వకుండా దాని చుట్టూ రూళ్ళు గీశారు. ఊరి నిధికి డబ్బు వసూలు చెయ్యడానికి కనీసం ఇద్దరు వెళ్ళాలి. పంచేటప్పుడు ముగ్గురు కూచోవాలి, ఎవరికెంత అన్నది తీర్పులాంటిది గనక. శుక్రవారం శుక్రవారం వారానికి సరిపడా ఇవ్వాలి. ఆ నిధి మీద బతికే బీదవాడు కూడా తనకు వచ్చినదాంట్లోంచి కొంత ఇవ్వాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది. పుచ్చుకునేవాడన్న ముద్ర ఒకడి మీద శాశ్వతంగా పడకుండా చేసిన ఏర్పాటు. ఆస్తిలో అయిదో వంతుకు మించి ఇవ్వొద్దన్న కట్టడీ ఉంది, ఇచ్చి ఇచ్చి రేపు నువ్వే చెయ్యి చాపుతావు కాబట్టి. మన కర్ణుడూ బలీ శిబీ అక్కడ పుట్టి ఉంటే ముగ్గురు పెద్దలు కూచుని మందలించేవాళ్ళు.

పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న మైమొనిడీస్, వైద్యుడు, శాస్త్రకారుడు, దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అట్టడుగున మొహం మాడ్చుకుని ఇచ్చేది. పైనుంచి రెండోది, ఇచ్చేవాడెవరో పుచ్చుకునేవాడికీ, పుచ్చుకునేవాడెవరో ఇచ్చేవాడికీ తెలియనిది. అన్నిటికీ పైమెట్టు మామూలు దానం కాదు. అప్పివ్వడం, వ్యాపారంలో పొత్తు పెట్టుకోవడం, పని చూపించడం. మళ్ళీ చెయ్యి చాపే అవసరం లేకుండా నిలబెట్టడం. 1892లో న్యూయార్క్ యూదులు వలస కార్మికుల కోసం వడ్డీ లేని అప్పుల సంఘం ఒకటి పెట్టారు. హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ. మూలధనం 95 డాలర్లు. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకో సంగతి. తనంతట తాను మంచిపని చేసేవాడికన్నా, చెయ్యాల్సి ఉండి చేసేవాడు గొప్పవాడని తాల్ముద్ అనే వాళ్ళ శాస్త్రగ్రంథంలోని పండితుల మాట. మనకిది తలకిందులుగా తోస్తుంది. మనసుకు నచ్చి చేసేదే గొప్పదనుకుంటాం. అయితే మనసు ఆదివారం ఒకలా, సోమవారం ఒకలా ఉంటుందని పెద్దవాళ్ళందరికీ తెలుసు.

ఈ లెక్కల్లోంచే బాత్ మిత్స్వా పిల్లలు ఏదో ఒక సేవాకార్యం చెయ్యాలన్న అలవాటు వచ్చింది. మిత్స్వా ప్రాజెక్టు అంటారు. కొందరికి అది కాలేజీ దరఖాస్తులో రాసుకునే ముచ్చట, ఒప్పుకుంటాను. మా పక్కింటి పిల్ల పాత చలికోట్లు పోగుచేసింది. నేనూ రెండిచ్చాను. గ్యారేజీ నిండింది. ఇల్లు లేనివాళ్ళ ఆశ్రయానికి తీసుకెళ్తే అక్కడి మేనేజరు తల గోక్కుని, "కోట్లు బోలెడున్నాయమ్మా, పెట్టడానికి చోటు లేదు. సాక్సులున్నాయా?" అన్నాడట. సాక్సులు ఎవరూ ఇవ్వరు. పాతవి ఇవ్వలేరు, కొత్తవి కొనాలని తోచదు. రోజంతా నడిచేవాళ్ళకు తడిసిన సాక్సులతో పాదాలు పుళ్ళు పడతాయి. పిల్ల కారులో కూచుని ఏడ్చింది. మళ్ళీ వారం నోటుబుక్కు పట్టుకుని వెళ్ళి ఒక్కొక్కళ్ళనూ మీ సైజెంతని అడిగి రాసుకుంది. ఒక పెద్దాయనది పదమూడో నంబరు పాదం. మూడు షాపులు తిరిగారు. ఆ తర్వాత ఏడు నెలలు ఆదివారం ఆదివారం వెళ్ళింది.

వేదిక మీద తన కాగితంలో ఆ పిల్ల ఇదే చెప్పింది. మాకు పొలం లేదు కాబట్టి నా మూల ఏదో వెతుక్కున్నాను, అందులో మాకు వద్దనుకున్నవి తెచ్చి పడేశాను, కానీ మూలలో ఉండాల్సింది మిగతా చేలో పండిన పంటే అంది. నేనిచ్చిన రెండు కోట్లలో ఒకదానికి జిప్పు పోయిందని అప్పుడు గుర్తొచ్చింది.

ఇలాంటి వేడుకలకు యూదులు కానుకలు పద్దెనిమిది చొప్పున చదివిస్తారు. పద్దెనిమిది, ముప్ఫయ్యారు, నూట ఎనభై. జీవితం అనే హీబ్రూ మాటలోని అక్షరాల విలువ కూడితే పద్దెనిమిది. మనకు నూటపదహార్లున్నట్టు. నేను గౌను ఇంట్లోనే ఉంచి నూట ఎనభై డాలర్లకు చెక్కు రాశాను. అందులోంచి కొంత సాక్సులకు పోయిందని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది.

ఇక నోటుబుక్కు. 1974లో నేను పదో తరగతి. పరీక్ష ఫీజు కట్టే గడువుకు రెండు రోజుల ముందు మా నాన్న పేకాటలో పోగొట్టుకున్న డబ్బులో అదీ ఉందని తెలిసింది. టీచరమ్మగారు నన్ను స్టాఫ్‌రూములోకి పిలిచారు. ఏమీ అడగలేదు. సొరుగు లాగి, నల్ల అట్ట పుస్తకం తీసి, తారీఖు వేసి, అంకె వేసి, పక్కన సంతకం పెట్టమన్నారు. పేరు రాసే గడి లేదు. పైపేజీల్లో ఇంకెవరెవరివో పొట్టి సంతకాలు కనపడ్డాయి గానీ చదవడానికి వీల్లేకుండా వాటి మీద స్కేలు అడ్డం పెట్టారు.

రెండేళ్ళ తర్వాత, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఉంచుకోవే అంటారని, ఇంకో పిల్లకివ్వమంటారని, తల నిమురుతారని దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూచుని డబ్బు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు.

"రెండు రూపాయలు తక్కువయ్యాయమ్మా" అన్నారు.

ఇంటికి పరిగెత్తి తెచ్చి ఇచ్చాను. అప్పుడు నా సంతకం మీద గీత కొట్టి, పుస్తకం నా వైపు తిప్పి చూపించి, మజ్జిగ తాగి వెళ్ళమన్నారు.